వరాలిచ్చే జీవాలు బుడ్డల చేలల్లోనే ఉన్నాయి

2021లో 'విష్ డ్రాగన్' అనే బొమ్మల సినిమా వచ్చింది. షాంఘై నగరంలో ఒక ఇరుకు పేటలో తల్లితో ఉండే డిన్ అనే కుర్రాడికి పాత టీ కూజా ఒకటి దొరుకుతుంది. మూత తీయగానే లోపలినుంచి గులాబీ రంగు డ్రాగన్ బయటికొచ్చి మూడు కోరికలు కోరుకోమంటుంది. క్రిస్ ఆపెల్‌హాన్స్ తీసిన ఈ సినిమాకు జాకీ చాన్ నిర్మాతల్లో ఒకరు. చైనీస్ మాటల్లో డ్రాగన్ గొంతూ ఆయనదే. చూసే పిల్లల మనసంతా మూడు కోరికల మీదే ఉంటుంది. పక్కన కూర్చున్న పెద్దవాళ్లకు ఇంకో సంగతి కనబడుతుంది. ఆ డ్రాగన్ ప్రేమకొద్దీ వరాలివ్వడం లేదు. పదిమంది యజమానులకు వరసగా ఊడిగం చేస్తేనే దానికి కూజా నుంచి విముక్తి. డిన్ పదోవాడు. ఈ మూడూ ఎప్పుడు అడిగేస్తాడా అని అది విసుక్కుంటూ ఉంటుంది.

ఇలాంటి కథలకు మనకేం కరువు లేదు. పాలసముద్రం చిలికితే కామధేనువు, కల్పవృక్షం బయటికొచ్చాయి; చిలికినంతసేపూ మందరపర్వతాన్ని వీపున మోసింది తాబేలు. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి 1951లో 'పాతాళ భైరవి' తీస్తే ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకుని వెళ్లి చూశాయి. తెర మీద ఎన్ని వరాలిచ్చినా ఎవరికీ నష్టం లేదు. కర్నూలు, కడప మెట్టల్లో మాత్రం ఈ వ్యవహారం తెర దిగి చేలల్లోకి వచ్చింది. కోడుమూరు చుట్టుపక్కల లాంటి పొడి నేలల్లో బతికే రెండు జీవాలను జనం నిజంగానే ఆ కూజాలో కూర్చోబెట్టారు. ఒకటి రెండుతలల పాము. రెండోది నక్షత్ర తాబేలు. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని, గుప్తనిధి దారి చూపిస్తుందని, అమ్మితే కోట్లు వస్తాయని నమ్మకం. ఏ గుర్తులు చూసి ఈ జీవాలకు మహిమ అంటగట్టారో అవి ఈ ఎండనేల మీద బతకడానికి అవి సంపాదించుకున్న ఉపాయాలు. శత్రువును తప్పించుకోవడానికి పనికొచ్చిన ఆ ఉపాయాలే మనిషి చేతికి చిక్కేలా చేశాయి.

కోడుమూరు కర్నూలుకు పడమటి దిక్కున, హంద్రీ పక్కన ఉంది. ఎర్రనేలల్లో బుడ్డలు, ఆముదం. నల్లరేగడిలో పత్తి, శనగ. బోరు నీళ్లు అందినచోట ఎర్రగడ్డలు. ఏడాదికి పడే వాన 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అదీ కుదురుగా పడదు. చేల మధ్య గుట్టలు, బండలు, రేగుకంప, తంగేడు పొదలు. రెవెన్యూ రికార్డుల్లో ఇందులో చాలా భాగం బంజరు కిందికే వస్తుంది. రాసుకున్న గుమాస్తా ఒక్కసారి తొలకరి తర్వాత వచ్చి చూసి ఉంటే ఇంకో గడి గీసుకునేవాడేమో!

తోక చేసే తల నటన

రెండుతలల పాము ఇటుక రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. మూడడుగుల దాకా పెరుగుతుంది. విషం లేదు. ఒళ్లంతా ఒకే లావు కాబట్టి మెడ ఎక్కడ మొదలైందో తెలియదు. తోక సన్నబడదు, నరికినట్టు మొద్దుగా ఆగిపోతుంది. కళ్లు చాలా చిన్నవి. మూతి మీది పొలుసు వెడల్పుగా, అంచు తేలి ఉంటుంది. వదులు మట్టిని తోసుకుంటూ లోపలికి దిగడానికి అదే దాని పనిముట్టు. పగలంతా మట్టి కింద ఉండి, పొద్దుగూకాక తల మాత్రం పైకి పెట్టి ఎలుక కోసం కాచుకుంటుంది. దొరికితే చుట్టచుట్టి ఊపిరి ఆపి మింగుతుంది. కొండచిలువ పద్ధతి ఇదే. రెండూ దూరపు చుట్టాలు.

దీని తెలివి బయటపడేది ముంగిసో, నక్కో, డేగో మీదికొచ్చినప్పుడు. బుసకొట్టదు, పరుగెత్తదు. పరుగెత్తే ఒళ్లు కాదు. తలను చుట్టల అడుగున దాచేసి, మొద్దు తోకను పైకెత్తి నెమ్మదిగా కదిలిస్తుంది. వేటాడే జంతువు ఎక్కువగా తల మీదే దెబ్బ కొడుతుంది. అది తలనుకుని తోకను కొరుకుతుంది. తోకకు గాయమైతే మానుతుంది, తలకు అయితే మానదు. పాముల ఈ తోక ఎత్తుగడ మీద 1973లో హారీ గ్రీన్ అనే అమెరికన్ జంతుశాస్త్రవేత్త వివరమైన వ్యాసం రాశాడు. వేర్వేరు కుటుంబాలకు చెందిన పాములు విడివిడిగా ఇదే ఉపాయానికి వచ్చాయి. చేలల్లో దొరికే పెద్ద పాములకు తోక చివర మానిన గాట్లు ఉండటానికి కారణం అదే. ఆ గాట్లే నోటిగీతలా కనబడి రెండో తల ఉందన్న నమ్మకాన్ని ఇంకాస్త బలపరిచాయి. పాములాడించేవాళ్లలో కొందరు కావాలనే తోకకు కాల్చి, కోసి నోరు, కళ్లు దిద్దుతారు.

ఆరు నెలలు ఒక తలతో, ఆరు నెలలు రెండో తలతో నడుస్తుందని మన ఊళ్లలో చెబుతారు. ఏది తలో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. పొట్ట కింద మలద్వారం ఎక్కడుందో చూస్తే, దాని తర్వాతదంతా తోక. మెదడు ఒకటే, నాలుక ఒకటే, అవీ ఒకే వైపు. నిజంగా రెండు తలలతో పాములు పుట్టవా అంటే పుడతాయి, చాలా అరుదుగా. కవలలుగా విడిపోవాల్సిన పిండం సగంలో ఆగిపోతే ఒకే కొసన పక్కపక్కన రెండు తలలు వస్తాయి. ఏ జాతి పాములోనైనా జరగొచ్చు. ఒక ఎలుక కోసం రెండు తలలూ కొట్లాడుకుంటాయి, ఒకటి ఎడమకు లాగితే ఇంకొకటి కుడికి లాగుతుంది. అడవిలో ఎక్కువకాలం బతకవు.

ఈ పామును శాస్త్రలోకానికి పరిచయం చేసినాయన తెలుగునేల మీద పనిచేసినవాడే. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండేవాడు. ఏ పాముకు విషముంది, దేనికి లేదు అన్నది తేల్చడానికి కోరమండల్ తీరమంతా పాములు పోగుచేయించాడు. 1796 నుంచి ఆయన పాముల పుస్తకాలు రంగుబొమ్మలతో వెలువడ్డాయి. రక్తపింజరను ఇంగ్లీషులో ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. రెండుతలల పాముకు ఇప్పుడున్న శాస్త్రీయ నామం ఎరిక్స్ జోనీలో 'జోనీ' ఆయన 1801లో పెట్టిందే. తరంగంబాడిలో ఉన్న క్రిస్టఫ్ శామ్యూల్ జాన్ అనే జర్మన్ మిషనరీ పేరు అది. విషం లేనిదని అంత కాలం కిందటే లెక్క తేలిపోయిన పామును మనం ఇప్పటికీ అయితే దండం పెట్టి దాచుకుంటున్నాం, లేకపోతే కర్రతో కొడుతున్నాం.

దీనికి మచ్చల ఒంటితో, గరుకు పొలుసులతో ఒక తోబుట్టువు జాతి కూడా ఉంది. అది చూడటానికి రక్తపింజరను పోలి ఉంటుంది కాబట్టి జనం చేతిలో ఎక్కువగా చస్తుంది. పోలిక అటునుంచి కూడా పనిచేస్తుంది. విషం లేని మట్టిపామే కదా అని రక్తపింజర మీద చెయ్యి వేసిన వాళ్లూ ఉంటారు. తెలియని పామును తాకొద్దన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా చెల్లుతుంది.

బేరం తూకం మీద నడుస్తుంది. "అన్నా, పార్టీ బొంబాయిలో రెడీగా ఉంది, కాటా మీద పెట్టి వీడియో పంపు" అంటాడు మధ్యవర్తి. ఇన్ని కిలోలు దాటితే ఇన్ని లక్షలు, ఆపైన కోట్లు. అడిగేది నాలుగైదు కిలోలు. మూడడుగుల ఈ పాము అంత తూగదు. అసలు గుట్టు అక్కడే ఉంది. అందని షరతు పెడితే బేరం ఎప్పటికీ తెగదు. తెగనంతకాలం పరీక్ష ఫీజు, దారి ఖర్చు, అడ్వాన్సు అంటూ డబ్బు చేతులు మారుతూనే ఉంటుంది. ఆఖరున కొనే మనిషిని ఎవరూ చూసి ఉండరు. బియ్యపు గింజలను లాగుతుందంటూ అమ్మే రైస్ పుల్లింగ్ చెంబు బేరాలదీ ఇదే తంతు. ఆ చెంబు రాగి ముక్క, దానికి ఆకలి లేదు. పాము మాత్రం ఈ నెలలన్నీ ప్లాస్టిక్ డబ్బాలోనో, గోనెసంచిలోనో ఉంటుంది. వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ ఇండియా విభాగం 2016 నుంచి 2021 దాకా వార్తల్లో వచ్చిన కేసులు పోగుచేస్తే 18 రాష్ట్రాల్లో, ఒక కేంద్రపాలిత ప్రాంతంలో 172 ఘటనలు తేలాయి. ఇవి పట్టుబడినవాటి లెక్క మాత్రమే.

పొలం వైపు నుంచి చూస్తే ఇంకో లెక్క ఉంది. ఈ పాము గుడ్లు పెట్టదు, పిల్లల్ని ఈనుతుంది. ఒక కాన్పులో పదికి అటూ ఇటూ. ఎలుకకు మూడు వారాలు చాలు, ఏడాదిలో ఎన్నిసార్లయినా ఈనుతుంది. బుడ్డలు ఊరే రోజుల్లో ఎలుక, పందికొక్కు ఎంత తింటాయో, గుంతల్లోకి ఎంత చేరవేస్తాయో రైతుకు చెప్పనవసరం లేదు. కన్నం బయట కాచుకునే గుడ్లగూబ ఒకెత్తు; కన్నంలోకే దూరి పట్టే పాము ఇంకొకెత్తు. తీసేసిన పాము లోటును తిరిగి పూడ్చుకోవడానికి ఆ చేనికి ఏళ్లు పడుతుంది.

వీపు మీది చుక్కలు, వెల్లకిలా పడని గణితం

నక్షత్ర తాబేలు మెట్ట తాబేలు. చెరువులో ఉండేది కాదు. గడ్డి, ఆకులు, రాలిన పండ్లు తింటుంది. భారతదేశపు వాయవ్యంలో గుజరాత్, రాజస్థాన్ నుంచి పాకిస్తాన్ దాకా ఒక గుంపు, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు పొడి నేలల్లో ఒక గుంపు, శ్రీలంకలో ఒక గుంపు. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేవు. రాయలసీమ ముళ్లకంపలు దీని సొంత ఇల్లు.

వీపున పెద్ద పలకలు 13 ఉంటాయి. నడుమ వరసలో ఐదు, అటు నాలుగు, ఇటు నాలుగు. ప్రతి పలక నడిబొడ్డున పసుపు మచ్చ, అక్కడినుంచి అంచులకు పాకే పసుపు చారలు, మధ్యలో నలుపు. ఇది ఎవరో గీసిన బొమ్మ కాదు, పలక ఎదుగుదల తానే రాసుకున్న చరిత్ర. పలక నడుమ నుంచి కాదు, అంచున పెరుగుతుంది. ఏటా అంచు చుట్టూ కొత్త పొర చేరుతుంది. ఆ అంచులో కొన్నిచోట్ల నల్లరంగు కణాలు పనిచేస్తాయి, కొన్నిచోట్ల చేయవు. చేయని చోటు ఏటా అక్కడక్కడే ఉండిపోతే, సంవత్సరాలు గడిచేకొద్దీ అది ఒక పసుపు గీతగా సాగుతుంది. తాబేలు పిల్లగా ఉన్నప్పుడు చారలు తక్కువ. వయసుతో పాటు చీలి పెరుగుతాయి. అద్దాల షోకేసులో పెడితే ఈ వీపు కళ్లు జిగేల్మనిపిస్తుంది. ఎండిన బోదగడ్డిలో, కంప నీడల చారల కింద పెడితే రెండడుగుల దూరం నుంచి కూడా ఆనదు. ఆకారపు అంచులను విరగ్గొట్టి కంటిని మోసం చేయడం చారల పని. మనుషులు నక్షత్రాలు చూసి తీసుకెళుతున్నది దాక్కోవడానికి తొడుక్కున్న చొక్కాను.

దీని ఒంటి ఆకారంలో ఇంతకంటే చిత్రమైన సంగతి ఉంది. రష్యన్ గణితవేత్త వ్లదీమిర్ ఆర్నాల్డ్ 1995లో ఒక ప్రశ్న వేశాడు. లోపలంతా ఒకే సాంద్రత ఉండి, ఎక్కడా గుంటలు లేని ఒక వస్తువు, ఎలా పడేసినా దొర్లుకుంటూ వచ్చి ఒకే ఒక భంగిమలో నిలబడగలదా? తంజావూరు బొమ్మ ఆ పని చేస్తుంది గానీ దానికి అడుగున బరువు పోస్తారు. అడుగున బరువు లేకుండా, కేవలం ఆకారంతో సాధ్యమా అన్నది ప్రశ్న. హంగేరీకి చెందిన గాబోర్ డొమోకోష్ దీని వెంట పడ్డాడు. గ్రీసులోని రోడ్స్ దీవి తీరంలో భార్యతో కలిసి రెండు వేల గులకరాళ్లు దొర్లించి చూశాడు. ఒక్కటీ అలా ప్రవర్తించలేదు. చివరికి 2006లో పీటర్ వార్కోన్యితో కలిసి గణితం ద్వారానే ఆ ఆకారాన్ని కనిపెట్టి గోంబోట్స్ అని పేరు పెట్టాడు. తయారుచేసి చేతిలో పెట్టుకుని చూస్తే అది అచ్చం తాబేలు డిప్ప!

ఇద్దరూ తాబేళ్ల వెంట పడ్డారు. జంతుశాలల్లో, మ్యూజియంలలో, పెంపుడు జంతువుల అంగళ్లలో డిప్పలు కొలిచారు. ఫలితాలు 2008లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. చదునుగా ఉండే నీటి తాబేళ్లు వెల్లకిలా పడితే పొడుగాటి మెడను నేలకు ఆనించి తిరగబడతాయి. బాగా ఎత్తయిన డిప్ప ఉన్నవాటికి మెడ పొట్టి, కాళ్లు పొట్టి. వాటిని ఆకారమే దాదాపు తిప్పేస్తుంది, చివర కాలితో కాస్త తన్నుకుంటే చాలు. గోంబోట్స్‌కు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన వాటిలో ఒకటి మన నక్షత్ర తాబేలు. కర్నూలు గుట్టల మీద ఇదెంత పెద్ద సంగతో ఊహించవచ్చు. బండల మధ్య జారినా, జతకట్టే రోజుల్లో మగవి ఒకదాన్నొకటి కుమ్ముకుని దొర్లించుకున్నా, వెల్లకిలా పడింది మే నెల ఎండలో అలాగే ఉండిపోతే కొద్దిసేపట్లో ఉడికిపోతుంది. ఆర్నాల్డ్ ప్రశ్నకు మనుషులకు పదకొండేళ్లు పట్టింది. తాబేలుకు ఇంకా ఎక్కువే పట్టి ఉంటుంది, కానీ అది పేపరు రాయలేదు.

నీటి సంగతి. మెట్ట తాబేలు మూత్రాశయం వట్టి పారబోసే సంచి కాదు, నీటి తొట్టి. వాన పడ్డప్పుడు తాగిన నీటిని అందులో దాచి, ఎండల్లో కొద్దికొద్దిగా ఒంట్లోకి తీసుకుంటుంది. మలినాలను గట్టిపడ్డ యూరిక్ ఆమ్లంగా బయటికి పంపి నీళ్లు మిగుల్చుకుంటుంది. అమెరికా ఎడారి తాబేళ్ల మీద ఈ విషయం బాగా పరిశోధించారు. భయపడితే ఆ తొట్టి ఒక్కసారిగా ఖాళీ చేస్తాయనీ, కరువు కాలంలో అలా జరిగితే ప్రాణానికే ముప్పనీ తేలింది. ముచ్చటపడి ఎత్తుకుని ఫోటో దిగి వదిలేస్తే ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి. మన నక్షత్ర తాబేలు ఆడది ఆ నీటిని ఇంకో పనికి కూడా వాడుతుంది. గట్టిపడిన నేల మీద మూత్రం పోసి మెత్తబరిచి, వెనక్కాళ్లతో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది.

తాబేలు బేరగాళ్లకూ ఒక అందని షరతు ఉంది: 20 గోళ్లు ఉండాలి. పలు రాష్ట్రాల్లో పోలీసులకు చిక్కిన ముఠాలు ఈ 20 గోళ్ల తాబేలు కోసమే తిరిగేవి. నక్షత్ర తాబేలుకు ముందుకాళ్లకు ఐదేసి, వెనక్కాళ్లకు నాలుగేసి, మొత్తం 18. మన చెరువుల్లో దొరికే మెత్తటి డిప్ప తాబేలుకు కాలికి మూడే, మొత్తం 12. లెక్క కలవదు. కలవకపోతే ఇంకోదాన్ని పట్టుకురమ్మంటారు.

నమ్మకం కొందరిది, షోకు ఇంకొందరిది. బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ వైపు పెంపుడు జంతువుల మార్కెట్లో ఈ చుక్కల డిప్పకు గిరాకీ ఎక్కువ. అరచేతిలో పట్టే పిల్లల్ని సూట్‌కేసుల్లో కుక్కి విమానం ఎక్కిస్తారు. నీల్ డిక్రూజ్ బృందం 2015లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం మన దేశంలో ఒకే ఒక వ్యాపార కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 పిల్ల తాబేళ్లు వెళ్లాయి. కొనేవాళ్లలో షోకు కోసం కొనేవాళ్లూ ఉన్నారు, ఇంటికి మంచిదని కొనేవాళ్లూ ఉన్నారు. 1975 నుంచే వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందపు రెండో అనుబంధంలో ఉన్న ఈ తాబేలును 2019లో జెనీవా సమావేశంలో మొదటి అనుబంధానికి మార్చారు. అంటే అడవి నుంచి పట్టినవాటితో దేశాల మధ్య వ్యాపారం పూర్తిగా నిషేధం. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రెండింటిలో దేన్ని పట్టినా, పెంచినా, అమ్మినా నేరమే. దేవుడి గదిలో పెట్టి పూజ చేస్తున్నామన్నా ఒప్పుకోరు.

పావురం చేసిన పూజ

చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు నమ్ముతారు? బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1948లో ఒక ప్రయోగం అచ్చువేశాడు. ఆకలిగొన్న పావురాలను విడివిడిగా పెట్టెల్లో ఉంచి, అవి ఏం చేసినా చేయకపోయినా నిర్ణీత వ్యవధికి ఒకసారి గింజలు పెట్టాడు. కొన్నాళ్లకు ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఇంకొకటి తలను పెట్టె మూలకు విసరసాగింది. ఎనిమిదింటిలో ఆరు ఇలా ఏదో ఒక క్రతువు పట్టుకున్నాయి. గింజలు పడే క్షణంలో యాదృచ్ఛికంగా ఏం చేస్తూ ఉన్నాయో, దానివల్లే గింజలు వచ్చాయని వాటికి లంకె కుదిరిపోయింది. తర్వాతివాళ్లు స్కిన్నర్ వివరణతో కొంత విభేదించారు గానీ, ఫలితం రావడానికీ మనం చేసినదానికీ సంబంధం లేకపోయినా సంబంధం అల్లుకునే గుణం మనుషుల్లో పుష్కలంగా ఉందని చూపిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. తాబేలు తెచ్చిన ఏడు ఎర్రగడ్డలకు ధర పలికితే తాబేలు చలవ. పలకకపోతే మార్కెట్ మోసం. తాబేలు లేని ఇళ్లలోనూ అదే ఏడు అదే ధర పలికిందని ఎవరూ లెక్కేసుకోరు.

ఈ ప్రాంతంలో ఆశకు ఇంకో పెట్టుబడి కూడా ఉంది. కోడుమూరుకు దక్షిణాన పత్తికొండ దాటితే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి. తొలకరి పడగానే అక్కడి చేలల్లో జనం వంగి నడుస్తూ వజ్రాలు వెతుకుతారు. జిల్లాల అవతల నుంచి వచ్చి చెట్ల కింద వంట చేసుకుని మరీ వెతుకుతారు. కొందరికి దొరుకుతాయి కూడా. ఇది పాము మహిమ కోవలోది కాదు, దీని వెనక భూగర్భశాస్త్రం ఉంది. భూమిలో 150 కిలోమీటర్ల లోతున పుట్టిన వజ్రాలను కింబర్లైట్ అనే శిలాద్రవం పైకి మోసుకొచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్న అలాంటి గొట్టాల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. అవి అరిగి, చెదిరి, మట్టిలో కలిశాయి. వాన పైమట్టిని కడిగేస్తే ఎక్కడో ఒకటి తళుక్కుమంటుంది. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి, ప్రతిసారీ వచ్చే బహుమతి కంటే మనిషిని గట్టిగా కట్టేస్తుందని కూడా స్కిన్నర్ తరహా ప్రయోగాలే చూపాయి. పక్క ఊళ్లో కూలికెళ్లిన మనిషికి ఒక రాయితో లక్షలు వచ్చాయని ఏటా పేపర్లో చదివే చోట, పాముతో కోట్లు వస్తాయంటే వినే చెవులు దొరకడంలో వింత లేదు. కాకపోతే రాయికి ప్రాణం లేదు.

అదే జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో మొదటి శిలాశాసనం జంతుబలి వద్దంటుంది. ఆయనదే ఇంకో శాసనం, ఉత్తరాదిలో స్తంభాల మీద చెక్కించిన ఐదోది, చంపకూడని జీవాల జాబితా ఇస్తుంది. పండితులు చదివిన ప్రకారం అందులో తాబేలు ఉంది. వజ్రాల కోసం తలవంచి నడిచేవాళ్లలో తలెత్తి ఆ బండను చూసేవాళ్లు తక్కువ.

సినిమాల వల్లే పిల్లలు ఇలాంటి జీవాలు కావాలని మారాం చేస్తారని ఒక ఫిర్యాదు తరచూ వినబడుతుంది. బొమ్మల సినిమాల్లో జీవాలకు పెద్ద కళ్లు, గుండ్రటి నుదురు, చిన్న మూతి పెడతారు. 1943లో కోన్రాడ్ లోరెంజ్ చెప్పిన పసిరూపం సూత్రం అది. ఆ కొలతలు కనబడగానే మనలో సాకాలన్న తపన లేస్తుంది.  ఫిర్యాదు మాత్రం పూర్తిగా నిలబడదు. 2016 నాటి 'ఫైండింగ్ డోరీ' తర్వాత ఆ నీలి చేప గురించి ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లు పెరిగారు గానీ, అమెరికాలోకి ఆ చేపల దిగుమతి పెరిగిన ఆధారం దొరకలేదని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు డియోగో వెరిసిమో బృందం తేల్చింది. మన దగ్గర అసలు సినిమా అవసరమే రాలేదు. రెండుతలల పాముకు కళ్లు కనీకనబడనంత చిన్నవి, మొహంలో ముద్దొచ్చేదేమీ లేదు. దాన్ని కూజాలో పెట్టింది పిల్లలు కాదు.

పట్టుబడిన వాటిని ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి. వెంటనే దగ్గరి అడవిలో వదిలేస్తే పుణ్యం అనిపిస్తుంది గానీ, అందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, జబ్బు. డబ్బాల్లో, సంచుల్లో వందలు కలిపి కుక్కినప్పుడు శ్వాస జబ్బులు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుతాయి. అవి అక్కడి ఆరోగ్యమైన తాబేళ్లకు చేరతాయి. రెండోది, వంశం. గుజరాత్ తాబేలూ రాయలసీమ తాబేలూ చూడటానికి ఒకటే గానీ చాలాకాలంగా విడివిడిగా బతుకుతున్నవి. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, సింగపూర్‌లో పట్టుబడి వెనక్కి వచ్చిన 92 నక్షత్ర తాబేళ్ల డీఎన్‌ఏను నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని వాటితోనూ ఇతర నమూనాలతోనూ పోల్చి, అవి ఎక్కడివో కనిపెట్టే పని చేశారు. 2006లో అది అచ్చయింది. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒకటి, ఇద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏలోని గుర్తులు కొన్ని. ఈ రెంటినీ కలిపి చదివితే ఏ గుంపు నుంచి వచ్చిందో దారి దొరుకుతుంది. ఇంత తతంగం అయ్యేదాకా అవి ఆవరణలో ఉండాల్సిందే. ఇళ్లలో అన్నం, టమాటా పెట్టి పెంచిన వాటి డిప్పలు చాలావరకు బుడిపెలు కట్టి వంకరపోయి ఉంటాయి. ఆ ఆకారంతో గోంబోట్స్ గణితం పనిచేయదు.

చేన్లో గుంటక తోలుతుంటే రెండుతలల పాము పైకి తేలిందనుకోండి, ఎద్దులను కాస్త ఆపితే చాలు, తానే మట్టిలోకి దిగిపోతుంది. ఇంట్లోకో దొడ్లోకో వచ్చి పోకపోతే అటవీశాఖకు ఫోన్ చేయాలి. తాబేలును అసలు ముట్టుకోకపోవడమే మేలు. ఒక్క రోడ్డు మీద మాత్రం తప్పదు. తొలకరి రోజుల్లో అవి ఎక్కువగా తిరుగుతాయి, లారీలు ఆగవు. అలాంటప్పుడు రెండు చేతులతో, నేలకు దగ్గరగా, కుదుపు లేకుండా పట్టుకుని, అది ఎటు పోతూ ఉందో అటువైపు పొదలోనే దింపాలి. మంచిచోటు కదా అని వెనక్కి తెచ్చి పెడితే, కాసేపాగి మళ్లీ అదే రోడ్డు ఎక్కుతుంది.